కుడి పేజీలో మచ్చ

ఇంటి నుంచి, ఇస్త్రీ బల్ల వెనక గది
బడి తెరిచిన రెండో వారం

పిన్నికి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టాలి కదా. అమ్మ క్షేమం, లారీ మీద ఊళ్లు తిరిగే నాన్న క్షేమం, దుకాణంలో ఇస్త్రీపెట్టె కూడా క్షేమం. నేను మాత్రం భయంతో చస్తున్నాను. ఫోన్ చేద్దామంటే ఫోన్ అమ్మ నిలబడే బల్ల పక్కనే గోడకుంది. చొక్కా కాలరు మీద నుంచి కళ్లెత్తదు గానీ చెవులు నా వైపే ఉంటాయి. అందుకే ఉత్తరం.

బడి చివరి ఏడాదికి నీలాగే సాహిత్యం తీసుకున్నాను. మొత్తం ఐదుగురం. మిగతా వాళ్లు మమ్మల్ని చూసి "పాపం, లెక్కలు రావు కాబోలు" అంటున్నారు. మాలో ఒకడికి గైడులన్నీ నోటికి వచ్చు. ఎక్కడ ఆపితే అక్కణ్నుంచి అందుకుంటాడు. వాడికి టేపురికార్డర్ అని పేరు పెట్టాం. వాడు కూడా ఇప్పుడు బిక్కచచ్చిపోయి ఉన్నాడు. ఎందుకో నీకు తెలుసు. మీ కాలం మాస్టారు రిటైరయ్యారు గానీ ఆయన పెట్టిన నియమం రిటైరవలేదు. ఎడమ పేజీలో పుస్తకం ఏం చెప్పిందో రాయాలి. కుడి పేజీలో అది చదువుతుంటే మనకేం జరిగిందో రాయాలి. మార్కులన్నీ కుడి పేజీకే. ఏడాది చివర బయటి నుంచి పరీక్షాధికారి వచ్చి నోటుపుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతాడు. కుడి పేజీ మనది కాదని తేలితే ఫెయిల్. ఏడాది మొత్తం మళ్లీ చదవాలి. మొదటి రోజే కళ్లద్దాల మేడమ్ ఈ మాట రెండుసార్లు చెప్పింది, రెండోసారి నెమ్మదిగా.

పిన్నీ, నాకేమీ జరగడం లేదు. చదువుతాను, పేజీ తిప్పుతాను, ఆకలేస్తుంది. ఇదే రాస్తే సున్నా వేస్తారు. అమ్మ ఏమందో తెలుసా? "తీసుకుంటే తీసుకో. తప్పావంటే మాత్రం బల్లకి రెండో వైపు నీదే." నవ్వుతూ అనలేదు. అప్పటి నుంచి ఆ రెండో వైపు నడవడమే మానేశాను. నువ్వు ఎలా గట్టెక్కావో చెప్పు.

నీ పిచ్చుక


ప్రెస్సు, రెండో అంతస్తు, ప్రూఫుల గది
శుక్రవారం

ఒసే పిచ్చుకా,

ఎదురుగా రేపటి పేపరు ప్రూఫులు కుప్పగా ఉన్నాయి. పక్కవాళ్ల తప్పులు దిద్దే ఉద్యోగం నాది, సొంత ఉత్తరానికి తీరిక దొరకదు. అయినా నీ భయం చూసి కలం పట్టాను.

ముందు పెన్సిలు దూరంగా పారెయ్. మొదటిసారి గీతలు గీయకుండా, ఊరికే కథ కోసం చదువు. రెండోసారి రోజుకో పేజీ పైకి చదువు, నీ చెవికి వినపడేలా. ఎక్కడ గొంతు తడబడుతుందో అక్కడేదో ఉన్నట్టు. గైడు జోలికి పోకు. టేపురికార్డర్‌కి కూడా చెప్పు, అధికారి తెరిచేది వాడి గైడు కాదు, వాడి నోటుపుస్తకం. ఇక కుడి పేజీలో "అద్భుతం", "హృదయాన్ని కదిలించింది" లాంటి మాటలు రాశావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను. ఆకలేస్తే ఆకలేసిందనే రాయి. ఏ వాక్యం దగ్గర వేసిందో కూడా రాయి. నవ్వకు, అలాంటివాటికే మార్కులు పడతాయి.

నా పాత నోటుపుస్తకం ఈ కవరులోనే పెడుతున్నాను. అప్పట్లో బడికల్లా మొదటి మార్కు దానికే. దాన్ని చూసే ఈ ప్రెస్సులో నన్ను తీసుకున్నారు. ఎలా ఉంటుందో చూసుకోవడానికి మాత్రమే, అర్థమైందా?

ఒక్క మాట. అమ్మకు చూపించకు. మా నాన్నకి, అంటే మీ తాతకి, పక్షవాతం వచ్చినప్పుడు దుకాణంలో ఎవరో ఒకరు నిలబడాలి. అక్క చదువు మానేసి నిలబడింది, నేను చదువుకున్నాను. ఆ రోజులు దానికి గుర్తు చేయడం నాకు ఇష్టం లేదు.

పిన్ని


ఇంటి నుంచి
చలి తగ్గిన వారం

పిన్నికి,

నీ పిచ్చుక బతికిపోయింది. మేడమ్ నా కుడి పేజీ క్లాసులో చదివి వినిపించింది. టేపురికార్డర్ కూడా నోరు తెరుచుకుని విన్నాడు. "ఇంత కాలం ఎక్కడ దాచావే ఇదంతా?" అని అడిగింది మేడమ్. నేను నేల చూపులు చూశాను. సిగ్గుపడుతున్నాను అనుకుంది.

రాయడం వచ్చేసింది లే. ఎలా వచ్చిందో అడగకు. నువ్వు నిజంగా బాగా రాశావు పిన్నీ. కొన్నిచోట్ల చదువుతుంటే ఈ మాటలన్నది నువ్వేనా అనిపిస్తుంది. నువ్వు ఇంటికొస్తే వంటింట్లో ఎండలూ వానలూ తప్ప ఇంకేం మాట్లాడవు కదా.

అమ్మ మామూలే. నిన్న నా పక్క దుప్పటి మార్చింది. ఆ తర్వాత నుంచి కాస్త మౌనంగా ఉంది. దుకాణంలో పని ఎక్కువైందేమో.

పిచ్చుక


ప్రెస్సు
సోమవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. "ఎలా వచ్చిందో అడగకు" అన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఎలా వచ్చింది?

నా నోటుపుస్తకం వెంటనే తిరిగి పంపించు. రిజిస్టరు పోస్టులో పంపు. నీ పరుపు కింద పెట్టుకున్నావా? అమ్మ దుప్పటి మార్చినప్పుడు అది అక్కడే ఉందా? సూటిగా జవాబు రాయి, నీళ్లు నమలకు.

పిన్ని


ఇంటి నుంచి
బుధవారం, పరీక్షకు ఇంకా మూడు వారాలు

పిన్నీ,

నువ్వు తిట్టు, కొట్టు, చివరిదాకా చదివి ఏమైనా చెయ్యి. కాపీ కొట్టాను. ఒకటి కాదు, ఏడు పేజీలు.

మొదట ఒక్క వాక్యమే తీసుకున్నాను. తర్వాత వాక్యం చాలలేదు. పడవ నడిపేవాడి నవల మాకూ పెట్టారు, చూపు పోతున్నా ఎవరికీ చెప్పకుండా చప్పుడును బట్టి పడవ నడిపేవాడిది. దాని కుడి పేజీ నీ పుస్తకంలో ఇలా ఉంది:

"చేయి కాలింది పదకొండో అధ్యాయంలో. పడవవాడికి కళ్లు కనపడవని అవతలి గట్టు మనిషికి మొదటి రోజే తెలుసు. తెలిసీ రోజూ అదే పడవ ఎక్కుతున్నాడు, ఏమీ అనడు, గట్టు వచ్చిందని మాత్రం చెబుతాడు. ఆ మాట దగ్గర చేతిలో ఇస్త్రీపెట్టె ఉందని మర్చిపోయాను. ఎడమ మణికట్టు మీద పడింది. ఏడ్చాను. అందరూ కాలినందుకే అనుకున్నారు. నేను కాదనలేదు."

మనింట్లోనూ ఇస్త్రీపెట్టె ఉందిగా, అతికిపోతుందిలే అని ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. నిన్న మేడమ్ పిలిచి "చాలా లోతుగా కాలిందా? ఏదీ, చెయ్యి చూపించు" అంది. ప్రేమగానే అడిగింది. చలిగా ఉందని చెప్పి చొక్కా చేతులు కిందికి లాక్కున్నాను. ఎండ మండిపోతోంది. మేడమ్ నా ముఖం వంక చూసి "పరీక్షాధికారికి ఈ పేజీయే చూపిస్తాను, సిద్ధంగా ఉండు" అంది. మెచ్చుకోలో, అనుమానమో నాకు అర్థం కాలేదు.

నీ మచ్చ ఎలా ఉంటుంది పిన్నీ? పొడుగ్గానా, గుండ్రంగానా? ఇన్నేళ్లలో నేను గమనించనే లేదు. అమ్మకూ అక్కడే ఒకటుంది. ఇస్త్రీ చేసే ఇంట్లో అందరికీ ఉంటాయి కాబోలు, నాకు తప్ప.

పిచ్చుక


ప్రెస్సు
తేదీ వేయలేదు, క్షమించు

పిచ్చుకా,

నాది మాసిపోయింది. చిన్నప్పటి మచ్చలు మాసిపోతాయి. అధికారి అడిగితే నువ్వూ అదే చెప్పు, చిన్నప్పుడు కాలింది, మాసిపోయింది అని. ఇంతకు మించి ఏమీ చెప్పకు.

ఒంట్లో బాగోలేదు. ఇవాళ మూడు తప్పులు దిద్దకుండా వదిలేశాను, ఇరవై ఏళ్లలో మొదటిసారి. అక్కతో ఏమీ అనకు. నీకు దణ్ణం పెడతాను.

పిన్ని


ఇంటి నుంచి
శనివారం

పిన్నీ,

"చిన్నప్పుడు కాలింది" ఎలా కుదురుతుంది? నవల చదువుతుంటే కాలిందని రాశాను. నవల మొన్న మొన్న చదివాను. ఆ మాత్రం నీకు తట్టలేదా? ప్రూఫులు చూసేదానివి కదా.

నేనే ఒక దారి చూసుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం అమ్మ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లినప్పుడు ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాను. ఎర్ర లైటు ఆరేదాకా చూశాను. ఎడమ చేయి చొక్కా మడిచి బల్ల మీద పెట్టాను. ఒక్క క్షణం చాలు కదా. పరీక్షకి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి, అప్పటికి మచ్చ పడుతుంది. వేడి తగలకముందే నాకు ఏడుపొచ్చింది. ఇంతలో ఎవరో బట్టలకోసం తలుపు కొట్టారు. గబుక్కున ప్లగ్గు పీకేశాను.

మంగళవారం అమ్మ ఆసుపత్రి బట్టలు తేవడానికి వెళ్తుంది. మూడు గంటలదాకా రాదు. అప్పుడు ఎవరు తలుపు కొట్టినా తియ్యను.

నాకు చాలా భయంగా ఉంది. బల్ల రెండో వైపు నిలబడటం కంటే ఇది నయం అనిపిస్తోంది.

పిచ్చుక


ప్రెస్సు మెట్ల మీద
సోమవారం మధ్యాహ్నం

నా తల్లీ,

ఈ ఉత్తరం పేపరు వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. సాయంత్రానికల్లా నీ చేతిలో పెడతాడు. ఆ ఇస్త్రీపెట్టె ముట్టుకోకు. ఏ మార్కూ, ఏ బడీ, ఏ ఉద్యోగమూ నీ చర్మానికి సాటి రాదు. ఫెయిలైతే అవ్వు. వచ్చి నా గదిలో ఉండు. నేను చదివిస్తాను.

నీ ఉత్తరం చదవగానే ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. దాని గొంతు వినగానే ఎండలెలా ఉన్నాయని అడిగాను. చివరికి "పిచ్చుకని ఇస్త్రీపెట్టె దగ్గరికి ఒంటరిగా వెళ్లనివ్వకు" అన్నాను. "ఎందుకు?" అంది. పెట్టేశాను. ఇరవై రెండేళ్లుగా దాని దగ్గర ఇలాగే పెట్టేస్తున్నాను.

నా చేతికి ఎప్పుడూ మచ్చ లేదు. మాసిపోయిందని నీకు అబద్ధం చెప్పాను. ఆ మచ్చ మీ అమ్మది.

నాకూ అప్పట్లో ఏమీ జరిగేది కాదు పిచ్చుకా, అచ్చం నీలాగే. చదివేదాన్ని, పేజీ తిప్పేదాన్ని. అక్క ఇస్త్రీ చేస్తూ, ఒక చొక్కాకీ ఇంకో చొక్కాకీ మధ్య నా పుస్తకాలు చదివేది. నేను ఏడుస్తూ కూర్చుంటే, బట్టలు చుట్టే కాగితాల మీద పెన్సిలుతో రాసి ఇచ్చేది. నేను వాటిని దిద్ది నోటుపుస్తకంలోకి ఎక్కించేదాన్ని. దిద్దాల్సిన మాట ఒక్కటీ ఉండేది కాదు. మొదటి మార్కు వచ్చిందని బడిలో చప్పట్లు కొట్టారు. అక్కకి ఆ రోజు దుకాణం మూసి రావడానికి కుదరలేదు. వస్తే ఆ పేజీ పైకి చదివినప్పుడు దాని ముఖం చూడాల్సి వచ్చేది కదా అని నేను సంతోషించాను. ఆ సంతోషానికి సిగ్గుపడుతూనే ఇన్నేళ్లూ దాని వంటింట్లో ఎండలూ వానలూ మాట్లాడాను.

నీకు సలహాలిచ్చాను చూడు, పైకి చదువు, గొంతు తడబడే చోటు చూసుకో అని, అవి కూడా అక్కవే.

అమ్మ దగ్గరికి వెళ్లు. అంతా చెప్పు, నా సంగతితో సహా. నాకు ధైర్యం లేదు. నీకుందో లేదో నాకు తెలియదు. కానీ చేయి కాల్చుకోవడం కంటే ఇది తేలికే అనుకుంటాను.

పిన్ని


ఇంటి నుంచి
ఫలితాలు వచ్చిన రోజు

పిన్నికి,

ఇన్ని రోజులూ రాయనందుకు కోపంగా ఉన్నావా? ఫలితం తెలిశాకే రాద్దామని అమ్మ అంది.

నీ ఉత్తరం వచ్చేసరికి ఇస్త్రీపెట్టె బీరువాలో ఉంది, తాళం అమ్మ కొంగున ఉంది. దుకాణం ముందు జనం బట్టలు పట్టుకుని నిలబడితే "ఇవాళ లేదు" అంటోంది, ఎందుకో చెప్పట్లేదు. నేను ఉత్తరం చేత్తో పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. "అమ్మా, నా నోటుపుస్తకంలో..." అన్నాను.

"ఏడు పేజీలు," అంది అమ్మ. "దుప్పటి మార్చిన రోజే పరుపు కింద రెండు నోటుపుస్తకాలూ చూశాను. నా మాటలు నీ చేతిరాతలో."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

"అడిగితే అబద్ధం చెప్తావేమోనని భయమేసింది. మీ పిన్ని బడిలో అబద్ధం చెప్పినట్టు." కొంగున ఉన్న తాళం తడుముకుని, "ఇంకో భయం కూడా ఉంది. నీకంటూ ఒక్క మాట కూడా లేకుండా పోతుందేమోనని," అంది.

తర్వాత నా ఎడమ చేయి తీసుకుని మణికట్టు తిప్పి తిప్పి చూసింది. ఏమీ లేదని నమ్మకం కుదిరాక వదిలింది. వదిలాక ఏడ్చింది పిన్నీ. అమ్మ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు వెళ్లి మేడమ్‌తో చెప్పేశాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది. "ఏడు పేజీలకూ సున్నా. మిగతా పేజీలు నీవే కాబట్టి పరీక్షకు కూర్చోనిస్తాను. కానీ అధికారికి అంతా చెప్తాను, ఆయన ఫెయిల్ చేస్తే నేను ఆపలేను," అంది. మచ్చ చూపించమన్న రోజే ఆవిడకి అనుమానం వచ్చిందట, నేనే వచ్చి చెప్తానేమోనని చూసిందట. ఈ లోకంలో అందరూ నా గురించి తెలిసి నోరు మూసుకుని కూర్చున్నారు!

పరీక్ష రోజు టేపురికార్డర్ బయటికొస్తూ "గైడులో లేనివే అడుగుతున్నాడు" అని చెప్పి నా ధైర్యం పూర్తిగా తుడిచేశాడు. అధికారి సన్నగా ఉన్నాడు, పడిశం పట్టి ముక్కు చీదుకుంటున్నాడు. సరిగ్గా ఆ పేజీయే తెరిచాడు. అడ్డంగా కొట్టేసిన పేజీ. కింద నేను రాశాను, ఈ మాటలు మా అమ్మవి అని.

"మీ అమ్మగారికి ఏం జరిగిందో చదివాను. నీకేం జరిగింది?" అన్నాడు.

ముందు కొట్టేసిన గీత వంక చూశాను. తర్వాత, "భయమేసింది సార్," అన్నాను. "పడవవాడు ఎవరికీ తెలీదు అనుకుంటూ నడుపుతాడు కదా. నేనూ ఇన్ని నెలలూ అలాగే మా అమ్మ ముందు తిరిగాను. నన్ను చూస్తూనే ఉందని నాకు తెలీదు. ఇప్పుడు ఆ అధ్యాయం చదివితే నాకు పడవవాడి మీద జాలి కలగట్లేదు సార్. రోజూ ఆ పడవలో కూర్చున్నాయన ఎంత భయపడి ఉంటాడో అనిపిస్తోంది." ఇంకా ఏదో అన్నాను, సగం గుర్తు లేదు. ఆయన ముక్కు తుడుచుకుని చాలాసేపు రాసుకున్నాడు.

అత్తెసరు మార్కులతో పాసయ్యాను. ఐదుగురిలో ఆఖరిదాన్ని. టేపురికార్డర్ కూడా నాకంటే ముందున్నాడు, రోజుకోసారి గుర్తుచేస్తున్నాడు. వచ్చే ఏడాది ఇదే చదువు తీసుకునే వాళ్లు అడిగితే ఏం చెప్పాలో నాకు ఇప్పుడు తెలుసు. ఏమీ జరగలేదని రాయడానికి భయపడకండి అని చెప్తాను.

కింద అమ్మ రాస్తానంటోంది. నేను పక్కకు తిరిగి కూర్చున్నాను, చూడట్లేదు.

పిచ్చుక

చెల్లీ,

ఆ కాగితాలు నేనిచ్చాను. నువ్వు లాక్కోలేదు. దానికి ఇరవై రెండేళ్లు నన్ను చూసి భయపడ్డావంటే నాకు కోపంగా ఉంది, ఏం చేయాలో తెలియడం లేదు. ఫోన్ చేసి పెట్టేయడం మానెయ్.

ఒక్క సంగతిలో మాత్రం నువ్వు నాకు అన్యాయం చేశావు. పదకొండో అధ్యాయం అవగానే పుస్తకం లైబ్రరీలో ఇచ్చేశావు. పరీక్షకి అంతవరకే అన్నావు. పడవవాడికి చివరికి ఏమైందో ఈ రోజు వరకు నాకు తెలియదు. పిల్లని అడిగితే అది పిన్ని చెప్పాల్సిందే అని నవ్వుతోంది.

అక్క


ప్రెస్సు, రెండో అంతస్తు
గురువారం

అక్కకు,

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. నాలుగు కాగితాలు చింపాను. ప్రూఫులు చూసే చేత్తో నా మాటలు నేను దిద్దుకుంటూ కూర్చున్నాను, ఒక్కటీ నిలవలేదు. నీ దగ్గర కూర్చుంటే ఒక్క కాగితంతో అయిపోయేది.

పుస్తకం దీంతో పంపుతున్నాను. పాత పుస్తకాల అంగళ్లు అన్నీ తిరిగి వెతికాను. అట్ట చిరిగింది గానీ పేజీలన్నీ ఉన్నాయి, లెక్క చూశాను. పన్నెండో అధ్యాయం దగ్గర కాగితం ముక్క పెట్టాను. పడవవాడికి ఏమైందో నేను చెప్పను.

ఆదివారం వస్తున్నాను. ఇంకా భయంగానే ఉంది, అయినా వస్తున్నాను. నువ్వు చదువుకుంటున్నంత సేపూ బల్ల రెండో వైపు నేను నిలబడతాను. చొక్కాలు సరిగ్గా మడవడం మర్చిపోయి ఉంటాను, తిట్టు.

అప్పటిదాకా ఆగలేకపోతే చదువుకో. కానీ ముందు ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసెయ్.

చెల్లి